మానని నోటిపుండ్లు

నోటిలో పుండ్లు లేచినపుడు “వేడి చేసినది” అని మజ్జిగ త్రాగి ఊరకుండుట మన గ్రామములలో వాడుక. సామాన్యమైన నోటిపూత వారము, పది దినములలో తనంత తానే మానిపోవును. రెండు వారములు దాటినను మానని పుండు అట్టిది కాదు. దానికి కారణములు పెక్కు గలవు. పొగాకు వలన కలుగు క్యాన్సరు వానిలో నొకటి. పెంఫిగస్ అను వ్యాధి మరియొకటి.

శరీరమున ప్రవేశించిన సూక్ష్మజీవులను ఎదుర్కొనుటకు రక్తములో ప్రతిరక్షకములు అను పదార్థములు తయారగును. పెంఫిగస్ వ్యాధిలో ఇవి దారితప్పి సొంత శరీరముపైననే తిరుగబడును. నోటి లోపలి పొరలోని కణములను గోడలోని ఇటుకలతో పోల్చినచో, వానిని అతికియుంచు సున్నము వంటిది డెస్మోగ్లీన్ అను పదార్థము. ప్రతిరక్షకములు దానిని పట్టుకొనగా కణములు విడిపోవును. పొక్కులు లేచి, చిట్లి, పచ్చిపుండ్లగును. కారము తగిలినను, మెతుకు మ్రింగినను మంట భరింపరాదు. తిండి తగ్గి మనిషి క్షీణించును. అనేకులలో వ్యాధి ముందుగా నోటిలో మొదలై, కొన్ని మాసములకు చర్మమునకు ప్రాకును.

రోగుల రక్తములో ఈ ప్రతిరక్షకములు గలవని 1964లో అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. నేడు రక్తపరీక్షచే వాని పరిమాణమును కొలువవచ్చును. సాధారణముగా వ్యాధి ముదిరినపుడు అవి పెరుగును, తగ్గినపుడు తగ్గును. అయినను ఆ అంకె నొప్పికి సరియైన కొలత కాదు. పుండ్లు మానిన పిదపను కొందరిలో ప్రతిరక్షకములు మిగిలియుండును. పుండులో సూక్ష్మజీవులు చేరినచో, ప్రతిరక్షకములు పెరుగకయే నొప్పి పెరుగవచ్చును. కావున వైద్యుడు రక్తపరీక్షతోబాటు నోటిని స్వయముగా చూచి, పుండు అంచునుండి చిన్న ముక్కను తీసి పరీక్ష చేయించి వ్యాధిని నిర్ణయించును.

పూర్వము ఈ వ్యాధి కలిగినవారిలో అత్యధికులు మరణించుచుండిరి. 1950 దశకమున స్టిరాయిడ్ మందులు వాడుకలోనికి వచ్చిన పిదప ఆ స్థితి మారినది. 1980 దశకమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు జె. ఎస్. పస్రీచా, నెలకొక పర్యాయము మూడు దినములు పెద్ద మోతాదులో మందును నరము ద్వారా ఎక్కించు పద్ధతిని ప్రవేశపెట్టిరి.

నొప్పి తగ్గినదని రోగి తనంత తాను మందు మానరాదు. స్టిరాయిడ్‌ను హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయకరము. ఇది అంటువ్యాధి కాదు గనుక రోగిని వేరుగా ఉంచనక్కరలేదు. మెత్తని, చప్పని, చల్లారిన ఆహారము పెట్టవలెను. రెండు వారములలో మానని నోటిపుండు గలవారు పసరులు పూయుచు కాలము గడపక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి, అచటి వైద్యుని సలహాపై పెద్ద ఆసుపత్రిలో చూపించుకొనవలెను.