సముద్రపు బురదలో రసాయన మార్పులు

రేపల్లెకు దక్షిణమున, నిజాంపట్నము వైపు, కృష్ణ సముద్రమును చేరు తావులలో మడ అడవులు కలవు. అచ్చటి బురద పైన పలుచని గోధుమరంగు పొర ఉండును. కాలు దిగబడి పైకి తీసినచో క్రింది బురద కాటుకవలె నల్లగా వచ్చును. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన కొట్టును. ఈ నలుపునకు, ఈ వాసనకు కారణమేమి? ఆకులు, నాచు, చేపలు మొదలగునవి మట్టిలో పూడిపోయిన పిదప ఏమగునో తెలిసికొన్నచో దీనికి సమాధానము దొరకును.

ఆమ్లజని తరిగిన పిదప

పూడిపోయిన పదార్థము సూక్ష్మజీవులకు ఆహారము. దానిని దహించి శక్తిని పొందుటకు వాటికి ఆమ్లజని కావలెను. నీటిలో కరిగిన ఆమ్లజని బహు స్వల్పము. లీటరునకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. ఇట్టి చిక్కని బురదలో అది పైనున్న కొన్ని మిల్లీమీటర్లలోనే ఖర్చగును. తరువాత వేరు జాతుల సూక్ష్మజీవులు నైట్రేటును, మాంగనీసు, ఇనుముల ఆక్సైడులను వాడుకొనును. అవియు తరిగిన పిమ్మట సల్ఫేటు వంతు వచ్చును. లీటరు సముద్రజలములో సల్ఫేటు సుమారు 2.7 గ్రాములు కలదు. కనుకనే తీరపు బురదలలో ఈ చర్య ప్రధానమైనది.

సల్ఫేటులోని ఆమ్లజని పోగా గంధకము హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా మారును. కోడిగ్రుడ్డు వాసన దీనిదే. కృష్ణ తెచ్చిన ఒండ్రులోని ఇనుముతో ఈ వాయువు కలిసి నల్లని ఐరన్ సల్ఫైడు ఏర్పడును. కాలక్రమమున అది పైరైటు అను ఖనిజమగును.

ఇంకను లోతునకు పోయినచో సల్ఫేటు కూడ ఉండదు. అచ్చటి సూక్ష్మజీవులు మీథేను వాయువును పుట్టించును. ఈ మీథేను పైకి వచ్చునప్పుడు సల్ఫేటు పొర చెంత మరికొన్ని సూక్ష్మజీవులు దానిని దహించును. కనుక అందులో అధిక భాగము సముద్రజలమును చేరదు. లోతైన సముద్రములో, చలికిని ఒత్తిడికిని, మీథేను నీటితో కలిసి మంచువలె గడ్డకట్టును. 2006లో 'జాయిడెస్ రిజల్యూషన్' అను ఓడపై వెళ్లిన శాస్త్రజ్ఞులు కృష్ణా-గోదావరి తీరమునకు ఎదుట, వెయ్యి మీటర్లకు మించిన నీటి క్రింద, ఇట్టి గడ్డలుగల 128 మీటర్ల మందపు పొరను కనుగొనిరి. ఆ మీథేను ముఖ్యముగా సూక్ష్మజీవులు పుట్టించినదే.

మిగిలినది కెరోజెన్

చక్కెరలు, మాంసకృత్తులు మొదట హరించును. కొన్ని క్రొవ్వులు, మైనములు, కర్రలోని లిగ్నిన్ త్వరగా లొంగవు. సముద్రములో పుట్టిన సేంద్రియ పదార్థములో నూటికి ఒక వంతు కూడ చివరకు మట్టిలో నిలువదు. ఆ మిగిలినది తనలో తాను పెనవేసికొని, సాధారణ ద్రావణులలో కరుగని కెరోజెన్ అగును. దానిని మోయుచున్న బురద షేలు అను పొరలరాయిగా గట్టిపడును.

ఇక్కడినుండి సూక్ష్మజీవుల పని తగ్గి ఉష్ణము పని మొదలగును. సామాన్యముగా భూమిలో కిలోమీటరునకు 25 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరుగును. సుమారు 60 డిగ్రీలు దాటిన పిదప కెరోజెన్ బృహదణువులు విరిగి చమురు వెలువడును. 150 డిగ్రీలు మించినచో ముఖ్యముగా వాయువే మిగులును. చమురు జీవులనుండి పుట్టినదనుటకు సాక్ష్యము కలదు. 1934లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడి చమురులో పార్ఫిరిన్లను కనుగొని, అవి పత్రహరితమునుండి వచ్చినవని చూపెను.

మన పొలముల క్రింద

తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య పొలములు బల్లపరుపుగా ఉండును. కాని వాటి క్రింది రాతి అడుగు అట్లు లేదు. కృష్ణా-గోదావరి కుండము మూడు పల్లములుగా ఉన్నది. వాటిని బాపట్ల, తణుకు పేర్లుగల రెండు రాతి గట్లు వేరుచేయుచున్నవి. గట్టుపైన అవక్షేపము పలుచన, పల్లములో మందము. ఒకే బురదయైనను గట్టుపై చాలినంత వేడి తగులక కెరోజెన్‌గానే నిలువవచ్చును. పల్లములో చమురు కావచ్చును. 10 కోట్ల సంవత్సరములకు పూర్వపు రాఘవాపురము షేలు ఈ కుండములో చమురునకు ముఖ్య మాతృశిల. కృష్ణకు ఆవలిగట్టున నాగాయలంక వద్ద చమురు క్షేత్రమొకటి కలదు.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. చెంచాడు నల్లబురదపై సజల హైడ్రోక్లోరికామ్లము రెండు చుక్కలు వేసి, లెడ్ ఎసిటేటులో తడిపిన కాగితమును పైన పట్టినచో అది నల్లబడును. ఆ వాయువు విషము గనుక ఆరుబయటనే చేయవలెను. కొంత బురదను గాలికి ఆరబెట్టినచో నలుపు పోయి గోధుమరంగు వచ్చును.

ఈ రెండవ మార్పు సామాన్యమైనది కాదు. మడ అడవిని నరికి రొయ్యల చెరువు త్రవ్వినప్పుడు కూడ జరుగునది ఇదే. గాలి తగిలిన పైరైటు గంధకికామ్లమునిచ్చి నేలను పులుపెక్కించును; ఎంతో కాలముగా దాగిన కర్బనము బొగ్గుపులుసు వాయువై లేచిపోవును. బురద దాచుటకు శతాబ్దములు పట్టినదానిని పార కొద్దికాలములోనే బయట పెట్టుచున్నది.