ఓడను నడిపేదెవరు?

మన బెళుగుప్ప నుండి సముద్రం చూడాలంటే ఏ దిక్కు పోయినా వందల కిలోమీటర్లు పోవాలి. బిందె పట్టుకుని నీళ్ల కోసం కాచుకున్న వాళ్లం మనం. ఓడల సంగతి మనకెందుకు అనిపిస్తుంది.

కానీ ఒకసారి ఆలోచించండి. చేనికి వేసే పొటాష్ ఎరువు తీసే గనులు మన దేశంలో లేవు. అది పరదేశాల నుండి ఓడల్లో వస్తుంది. అంగట్లో కొనే పామాయిలు చాలావరకు ఇండోనేసియా, మలేసియా దేశాల నుండి వస్తుంది. అదీ ఓడల్లోనే. కళ్యాణదుర్గం పోయే బస్సుకు డీజిలు కావాలి. ఆ డీజిలు తీసే ముడి చమురు కూడా ఎక్కువగా ఓడల్లో వచ్చిందే. చెనిక్కాయలు పండించే మనం పామాయిలు కొనుక్కుంటున్నాం. అది వేరే కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

రాత్రిపూట చదువుకునే చోట ఓడ బొమ్మ చూసి ఒక అక్క అడిగింది. "సముద్రంలో దావ ఉండదు గదా! గుర్తు పెట్టుకోను చెట్టూ లేదు, గుట్టా లేదు. ఓడ దావ తప్పదా? దాన్ని నడిపేది ఎవరు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబుగా జరిగిన సంగతి ఒకటి చెప్తాను.

2015వ సంవత్సరం, జూన్ నెల. కాకినాడ నుండి ఒక చేపల పడవ బయలుదేరింది. దాని పేరు దుర్గమ్మ. గోదావరి సముద్రంలో కలిసే వైపు ఉన్న భైరవపాలెం పోవాలి. పడవలో ఏడుగురు ఉన్నారు. అందరికంటే చిన్నవాడికి 15 ఏళ్లు. పెద్దాయనకు 50 ఏళ్లు. దారిలో తుపాను గాలి పట్టుకుంది. ఇంజను చెడిపోయింది. లంగరు పోయింది. లంగరు అంటే పడవ కొట్టుకుపోకుండా నీళ్లలో దింపే ఇనుప కొక్కెం. ఇంజనూ లేదు, లంగరూ లేదు. ఇక పడవ గాలి ఎటు తోస్తే అటు పోయింది. ఒడిశా వైపు కొట్టుకుపోయింది. తిండి, మంచినీళ్లు అలల్లో కలిసిపోయాయి. చేపలు చెడిపోకుండా పెట్టుకున్న ఐసు ముక్కలు మిగిలాయి. చుట్టూ నీళ్లే. అయినా తాగడానికి పనికిరావు, ఉప్పునీళ్లు. ఆ ఐసే తిని ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఇంటి దగ్గర వాళ్లు ఇక రారనుకున్నారు.

జూన్ 22న ఒడిశాలోని గోపాలపూర్ తీరం దగ్గర ఒక పెద్ద ఓడ పోతోంది. దాని పేరు సంపూర్ణ స్వరాజ్య. చమురు మోసే ఓడ. మన ప్రభుత్వ కంపెనీ షిప్పింగ్ కార్పొరేషన్‌ది. అలలు 25 అడుగులకు పైగా లేస్తున్నాయి. అంటే రెండు మిద్దెల ఎత్తు. గాలి గంటకు 110 కిలోమీటర్ల వేగానికి పైనే ఉంది. జోరువాన. అంత వానలో, రెండున్నర కిలోమీటర్ల దూరంలో చిన్న పడవ ఒకటి ఆ ఓడలోని సెకండ్ ఆఫీసరు కంట పడింది.

ఇక్కడ కథ కొంచెం ఆపుదాం. సెకండ్ ఆఫీసరు ఎవరు? ఓడలో ఎవరి పని ఏమిటి? అది తెలిస్తే తర్వాత జరిగింది బాగా అర్థమవుతుంది.

ఓడకు పెద్ద కెప్టెన్. ఓడ, సరుకు, ఓడలోని మనుషులు, అందరి మంచిచెడ్డలకూ కెప్టెనే పూచీ. ఆయన కింద ముగ్గురు ఆఫీసర్లు ఉంటారు. చీఫ్ ఆఫీసరు, సెకండ్ ఆఫీసరు, థర్డ్ ఆఫీసరు. ఓడ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. అందుకని ముగ్గురూ వంతులు వేసుకుంటారు. నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటలు విడుపు. చాలా ఓడల్లో నడిరాత్రి 12 నుండి 4 వరకు సెకండ్ ఆఫీసరు వంతు. మళ్లీ పగలు 12 నుండి 4 వరకు అదే వంతు. కెప్టెన్‌కు మామూలుగా వంతు ఉండదు. అలాగని హాయిగా పడుకోవచ్చని కాదు. ఏ అనుమానం వచ్చినా, ఏ జామున అయినా లేపవలసింది కెప్టెన్‌నే. ఇంట్లో పసిబిడ్డ తల్లి నిద్ర ఎట్లాంటిదో మీకు తెలుసు. కెప్టెన్ నిద్ర కూడా అట్లాంటిదే.

వీళ్లు నిలబడి ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. ఏటి మీద కట్టే బ్రిడ్జి కాదు. ఓడ మీద ఎత్తుగా, చుట్టూ అద్దాలతో ఉండే గది. ముందు ఏముందో, పక్కన ఏముందో అక్కడి నుండి కనిపిస్తుంది.

దారి గీసే పని సెకండ్ ఆఫీసరుది. సముద్రానికి కూడా పటాలు ఉన్నాయి. ఎక్కడ లోతు ఎంత, ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ ఇసుక మేట ఉంది, అన్నీ వాటిలో ఉంటాయి. బయలుదేరే ముందే పటం మీద దారి గీస్తారు. దాన్ని కెప్టెన్ చూసి సరే అనాలి. పూర్వం పగలు సూర్యుణ్ణి, రాత్రి ధ్రువ నక్షత్రాన్ని కొలిచి ఓడ ఎక్కడుందో లెక్క కట్టేవారు. ఇప్పుడు ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు చెప్తాయి. రాడార్ అనే యంత్రం చీకట్లో కూడా ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. అయినా మనిషి కళ్లతో చూడటం మానకూడదని నియమం. అలల నడుమ చిన్న పడవ రాడార్‌కు దొరకకపోవచ్చు. కాపలా ఉన్న మనిషి కునుకు తీస్తే ఇక అంతే.

సరుకు ఎక్కించడం చీఫ్ ఆఫీసరు చూస్తారు. ఇది చిన్న పని కాదు. ఎద్దులబండికి చెనిక్కాయ మూటలు ఎత్తేటప్పుడు ఏం చేస్తాం? ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఓడ కూడా అంతే. ఒక పక్క బరువు పెరిగితే ఒరుగుతుంది. లెక్క తప్పితే మునుగుతుంది. ప్రాణరక్షణ సామాను థర్డ్ ఆఫీసరు చేతిలో ఉంటుంది. తేలే చొక్కాలు, చిన్న పడవలు, మంటలార్పే గొట్టాలు అన్నీ సరిగా ఉన్నాయా అని చూస్తూ ఉండాలి.

మరి చుక్కాని పట్టేది ఎవరు? చుక్కాని అంటే ఓడ వెనక నీళ్లలో ఉండే పెద్ద రెక్క. అది ఎటు తిరిగితే ఓడ ముక్కు అటు తిరుగుతుంది. దాన్ని తిప్పే చక్రం బ్రిడ్జిలో ఉంటుంది. చక్రం దగ్గర ఒక నావికుడు నిలబడతాడు. పాత రోజుల్లో అతణ్ణి సుకానీ అనేవారు. ఆఫీసరు "ఎడమకు పది" అంటే సుకానీ "ఎడమకు పది" అని పైకి అని, అప్పుడు చక్రం తిప్పుతాడు. తిరిగిన తర్వాత మళ్లీ చెప్తాడు. విన్నది తప్పు కాదని ఇద్దరికీ తెలియాలి. అక్కడ ఎడమ, కుడి అనరు. ఎడమను పోర్ట్ అంటారు, కుడిని స్టార్‌బోర్డ్ అంటారు. నేను ఇటు తిరిగినా అటు తిరిగినా నా ఎడమ మారుతుంది. ఓడ ఎడమ మారదు. అందుకే ఆ మాటలు.

కింద ఇంజను గది ఉంటుంది. అక్కడ పెద్ద చీఫ్ ఇంజనీరు. పైన వాళ్లకు సముద్రం కనిపిస్తుంది. కింద వాళ్లకు వేడి, మోత తప్ప ఏమీ కనిపించదు. పైనుండి ఫోనులో వచ్చిన మాటను నమ్మి పని చేస్తారు. తాళ్లు, లంగరు, నిచ్చెనల పని కళాసీలది. కళాసీల మేస్త్రీని సరంగు అనేవారు.

ఇంకొకరు ఉన్నారు, పైలట్. విమానం నడిపే పైలట్ కాదు. ఈయన ఓడ మనిషి కాదు, రేవు మనిషి. విశాఖపట్నం రేవు 1933లో మొదలైంది. అక్కడ డాల్ఫిన్ నోస్ కొండ పక్కన సన్నని కాలువ గుండా ఓడ లోపలికి పోవాలి. లోతు, గాలి, నీటి పోటు బాగా తెలిసిన మనిషి కావాలి. అందుకని రేవు పైలట్ చిన్న పడవలో ఎదురు వెళ్తారు. నడిచే ఓడ పక్కనుండి తాడు నిచ్చెన వేలాడదీస్తారు. పైలట్ దాన్ని పట్టుకుని ఎక్కాలి. ఆ నిచ్చెన తొమ్మిది మీటర్లకు మించి ఎక్కించకూడదని నియమం. పైలట్ దారి చెప్తారు. అయినా ఓడకు పూచీ మాత్రం కెప్టెన్‌దే. మన దేశంలో ఈ పైలట్ పనిలోకి వచ్చిన మొదటి మహిళ రేష్మా నీలోఫర్ నాహా. 2018 నుండి కలకత్తా దగ్గర హుగ్లీ నదిలో ఓడలకు దారి చూపుతున్న వారిలో ఆమె ఒకరయ్యారు.

ఇప్పుడు మళ్లీ తుపానులోకి పోదాం.

పడవ కనబడిందని సెకండ్ ఆఫీసరు చెప్పగానే కెప్టెన్ ఏదో ఒకటి తేల్చాలి. పోవాలా, వద్దా? సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు సాయం చేయాలని దేశాలన్నీ ఒప్పుకున్న కట్టుబాటు ఉంది. ఓడ యజమాని కూడా వద్దనడానికి లేదు. కానీ తన ఓడకే పెద్ద ముప్పు వస్తుందనుకుంటే కెప్టెన్ ఆగవచ్చు. అంటే మొత్తం భారం ఒక్క మనిషి తల మీద పడుతుంది. పక్కనుండి ఎవరూ చెప్పేది లేదు.

పైగా ఓడకు బ్రేకు ఉండదు. నిండు బరువుతో పోయే పెద్ద ఓడను ఆపాలంటే కిలోమీటర్ల దూరం పడుతుంది. చుక్కాని తిప్పిన వెంటనే తిరగదు, కొంచెం ఆగి తిరుగుతుంది. అంత పెద్ద ఓడను ఆ అలల్లో చిన్న పడవ పక్కకు తేవాలి. దగ్గరికి పోకపోతే వాళ్లు అందరు. మరీ దగ్గరైతే ఓడ తగిలి పడవ నుజ్జవుతుంది.

కెప్టెన్ కాపాడదాం అన్నారు. పైలట్ ఎక్కే తాడు నిచ్చెననే పక్కనుండి దింపించారు. తేలే చొక్కాలు, తేలే చక్రాలు సిద్ధంగా పెట్టించారు. ఓడను పడవ దగ్గరికి తెచ్చారు. పడవ అలతో లేస్తుంది, మళ్లీ పడుతుంది. మనుషులేమో తిండి లేక నీరసపడిపోయారు. ఒక్క ప్రయత్నంతో కాలేదు. మళ్లీ ప్రయత్నించారు. చివరికి ఏడుగురినీ ఓడ మీదికి చేర్చారు. పదిహేనేళ్ల పిల్లవాడితో సహా ఏడుగురూ బతికారు.

ఆ కెప్టెన్ పేరు రాధికా మీనన్. ఇంతసేపూ మీరు మగమనిషినే ఊహించుకుని ఉంటారు. తప్పు మీది కాదు, పైన నేను కూడా కెప్టెన్‌ను "ఆయన" అనే రాశాను. అలవాటు అట్లాంటిది. ఆమెది కేరళ. మొదట ఓడలో రేడియో ఆఫీసరుగా చేరారు. అంటే వార్తలు పంపే పని, అందుకునే పని. తర్వాత ఒక్కో పరీక్ష రాస్తూ పైకి వచ్చారు. మన దేశపు సరుకు ఓడలకు కెప్టెన్ అయిన మొదటి మహిళ ఆమె. 2016లో లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు సాహస పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం పొందిన మొదటి మహిళ కూడా ఆమే.

నాకైతే ఈ కథలో సెకండ్ ఆఫీసరు కూడా మరువలేని మనిషి. ఆ వానలో ఇంకెవరైనా అయితే చూసీ చూడనట్టు పోయేవారేమో. చూసిన కళ్లు, తేల్చిన మనసు, తిప్పిన చేతులు, నిచ్చెన పట్టిన కళాసీలు, కింద ఇంజను చూసుకున్న వాళ్లు. వీళ్లలో ఏ ఒక్కరు తప్పినా ఆ ఏడుగురు దక్కేవారు కాదు.

మరి ఈ పనిలో చేరాలంటే ఏం చదవాలి? ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉండాలి. తర్వాత ప్రవేశ పరీక్ష రాసి ఓడ చదువులో చేరాలి. చెన్నైలో ఉన్న ఇండియన్ మారిటైం యూనివర్సిటీ దీనికోసం 2008లో పెట్టినదే. చదువు తర్వాత ఓడ మీద కేడెట్‌గా పని నేర్చుకోవాలి. ప్రభుత్వ పరీక్ష పాసైతే థర్డ్ ఆఫీసరు. కొన్నేళ్ల అనుభవం, ఇంకో పరీక్ష, ఇంకో మెట్టు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే పరీక్ష. కళ్లు మాత్రం బాగుండాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా కచ్చితంగా తెలియాలి. ఎందుకంటే రాత్రిపూట ప్రతి ఓడకూ ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం వెలుగుతుంటాయి. చీకట్లో ఎదుటి ఓడ కనబడదు, ఆ దీపాలే కనబడతాయి. రెండు దీపాలూ ఒకేసారి కనబడితే ఆ ఓడ నేరుగా మన మీదికే వస్తోందన్నమాట. అప్పుడు రెండు ఓడలూ కుడివైపుకే తిరగాలి.