రాతి పగుళ్ల నీళ్లు

నేల మీద రూపాయి బిళ్ల వేసి, మోకాళ్లు వంచకుండా తీయమంటారు. గడ్డం ఛాతీకి ఆనించమంటారు. చేతులు రెండూ తల వెనక్కి పెట్టమంటారు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఎముకల దాకా చేరిందేమో పల్లెల్లో తొలిచూపుకు తెలుసుకునే పరీక్ష ఇదే. పాత నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు ఈ మూడు చిన్న పనులూ చేయలేని మనుషులు ఎందరో.

వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఊళ్లో దొరికిన నీళ్లు తాగారు, అంతే.

ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది కరుగుతూ ఉంటుంది. వానలు తక్కువై బావులు ఎండేకొద్దీ జనం బోర్లు లోతుగా దింపారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగొద్దంటారు, కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లు! పైగా ఎండలో కూలి చేసేవాళ్లు చెంబులకు చెంబులు తాగుతారు. పాలు, గుడ్లు కొనలేని ఇళ్లలో కాల్షియం అందక అదే నీరు ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. నేల ఇచ్చిన జబ్బును పేదరికం ముదరబెడుతుంది.

మన దేశంలో ఈ జబ్బును 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి ‘నల్లగొండ టెక్నిక్’ పేరుతో టాంజానియా దాకా వెళ్లింది. కానీ రోజూ కలిపి, తేర్చి, వడకట్టడం పని ఒత్తిడి ఉన్న ఇల్లాలికి ఎన్నాళ్లు సాధ్యం?

మనసును కలచివేసేది మరొకటుంది. నాగార్జునసాగర్ ఈ నల్లగొండ జిల్లాలోనే ఉంది. దాని కాలువలు పల్లానికి పారాయి, ఎత్తున ఉన్న ఈ పల్లెలకు ఎక్కలేదు. ఆ గోడు ఢిల్లీకి వినిపించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచారు.

మిషన్ భగీరథ తాగునీటి పథకం పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాక ఇంటి కుండ మారింది. ఎనిమిదేళ్లలోపు పిల్లల పళ్లకు గార పట్టకుండా కాపాడే నీళ్లవి. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. చేలో నాట్లు వేసే కూలీలకు మధ్యాహ్నం దాహమైతే చేతికందేది ఇంటి నల్లా కాదు, గట్టు మీది బోరు.