మీకు తెలుసా? చావుకు దావా: ఆలూరులోనా, బళ్ళారిలోనా?

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. ఆలూరు వైపు పల్లెలకు పెద్దాసుపత్రి అంటే మాత్రం ఇప్పటికీ బళ్ళారే. ఎవరి నిర్లక్ష్యం వల్లనో అక్కడ మనిషి పోతే ఇంటివాళ్ళు ఏ గడప తొక్కాలి?

● రోడ్డు ప్రమాదమైతే కేసు సొంత జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆరు నెలల్లోపు వేయడం క్షేమం. డబ్బు తీసుకుని వైద్యం చేసిన ఆసుపత్రి మీదైతే, 2020 జూలై నుంచి మీరుండే చోటి వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళొచ్చు. సివిల్ దావాకు ఆ వెసులుబాటు లేదు. తప్పు జరిగిన చోటో, ప్రతివాది ఉండే చోటో వేయాలి. అంటే ఆలూరు మనిషి బళ్ళారి కోర్టుకు తిరగాల్సిందే.

● ఆ దావాకు ఆధారం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. అప్పటికి బళ్ళారి, ఆదోని, రాయదుర్గం అన్నీ ఒకే జిల్లా. పాత ఇంగ్లిషు న్యాయంలోనైతే మనిషిని గాయపరిస్తే పరిహారం దక్కేది, చంపేస్తే దక్కేది కాదు! భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం ఈ దావా వేస్తారు. తాత, అవ్వ, మనవలు, సవతి పిల్లలూ ఆ లెక్కలోకి వస్తారు. అన్నదమ్ములు రారు. గడువు చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళు.

● అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. కాబట్టి అక్కడ వైద్యం చేయించుకున్న నిరుపేదలకు ఎక్కువగా మిగిలేది సివిల్ కోర్టే. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు కూడా ఇవ్వాలి.

● 2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన ఐదుగురు బాలింతలు చనిపోయారు. అనుమానం వాళ్ళకెక్కించిన రింగర్ లాక్టేట్ సెలైన్ మీదికి వెళ్ళింది. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం 5 లక్షలు ప్రకటించింది. అది ఆదుకోవడానికి ఇచ్చే సొమ్ము. తప్పెవరిదో తేల్చదు. తీసుకున్నంత మాత్రాన దావా హక్కు పోదు, కానీ సంతకం పెట్టే కాగితంలో ఏం రాశారో ముందు చదివించుకోండి.

కోర్టులో రుజువు చేయాల్సినవి మూడు: జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఆసుపత్రివాళ్ళకుంది, వాళ్ళు తీసుకోలేదు, అందువల్లనే ప్రాణం పోయింది. మూడోది అన్నిటికన్నా కష్టం. ఆపరేషన్‌లో రక్తం పోయిందనో, పాత జబ్బుందనో అవతలి వకీలు వాదిస్తాడు. ఏ బ్యాచి సెలైన్, ఎన్ని గంటలకు, ఎవరికి ఎక్కించారన్నది కేస్ షీటులో ఉంటేనే జవాబు దొరుకుతుంది. అడిగిన 72 గంటల్లోపు ఆ కాగితాలు ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. రాతపూర్వకంగా అడగండి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. పోస్టుమార్టం వద్దంటే మరణ కారణానికి గట్టి సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంది. ఏడుస్తున్న ఇంట్లో ఈ మాటలు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ రోజే ఎవరో ఒకరు చెప్పాలి.

● సివిల్ కోర్టుకు అణుమాత్రం సందేహం లేని రుజువు అక్కర్లేదు. ఎటు మొగ్గు ఉందో చూస్తుంది. క్రిమినల్ కేసు కొట్టేసినా దావా నిలబడవచ్చు. హైదరాబాద్‌లో మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేయగా భార్యను పోగొట్టుకున్న భర్త వేసిన వినియోగదారుల కేసులో, ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది.

● పరిహారం లెక్క దగ్గర, చనిపోయిన ఇల్లాలికి సంపాదన ఏముందని అడుగుతారు. సుప్రీంకోర్టులో తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 జనవరిలో ఆ ప్రశ్నకు లెక్కతో బదులిచ్చారు: జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97. ఆ శ్రమకు వెల కట్టాల్సిందేనన్నారు.

● నెలకు 12,000 తెచ్చే 35 ఏళ్ళ కూలీ రోడ్డు ప్రమాదంలో పోయాడనుకోండి. ఇంట్లో భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. రాబోయే పెరుగుదలకు 40 శాతం కలిపితే 16,800. తన ఖర్చుకు పావు వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. దాన్ని హెచ్చించే గుణకం ఆ వయసుకు 16. పోయిన సంపాదన కింద మొత్తం 24,19,200 రూపాయలు. సివిల్ కోర్టులూ తరచూ ఈ లెక్కనే ఆసరా చేసుకుంటాయి.

● ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 చట్టం చెబుతోంది. అడగాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో.