మిద్దెపై చవుడు చల్లనే... బరువు మాటేమిటి?

ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో అనంతపురం, కర్నూలు ప్రాంతాల పల్లెల్లో మధ్యాహ్నం నడుం వాల్చడానికి పాత మట్టి మిద్దెను మించినది లేదు. పక్కన కొత్తగా స్లాబు వేసుకున్నవారు సైతం చాప పట్టుకొని అక్కడికే వస్తారు.

దూలాల మీద దంతెలు, వాటిపై చెక్కలో బండలో, ఆపైన ఆకు, మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఇదీ మిద్దె కట్టుబడి. ఎండ వేడి ఇంత మందం దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది. చవుడు పని వేరు. సోడియం ఎక్కువగా ఉండే ఆ మన్ను తడవగానే మెత్తగా విడిపోయి సందులను పూడ్చేస్తుంది. నీరు కిందికి దిగదు. పెద్దలకు రసాయన శాస్త్రం తెలియకపోయినా ఏ దిబ్బ మన్ను పనికివస్తుందో బాగా తెలుసు.

చిక్కల్లా పాత చవుడు గీకకుండా ఏటేటా దానిపైనే కొత్తది పోయడంలో ఉంది. వంద చదరపు అడుగుల మిద్దెపై ఒక్క అంగుళం మన్ను దాదాపు 4 క్వింటాళ్లు తూగుతుంది. ఆరంగుళాలైతే రెండు టన్నుల పైమాటే. వాన తడి చేరితే ఇంకా ఎక్కువ. తాతల నాటి దూలం, గోడలో దాగిన కొన చెదపట్టి ఉంటే మోసేదెట్లా? ముసురు పట్టిన రాత్రి మిద్దె కూలేది ఇట్లాగే.

అట్లని మన్నంతా తోసివేసి, ఆ దూలాలపైనే కాంక్రీటు పోయించడం తెలివైన పని కాదు. నాలుగంగుళాల కాంక్రీటు ఐదారంగుళాల మన్నంత బరువు. భారం తగ్గదు సరికదా, ఇల్లు వేడెక్కుతుంది.

తొలకరికి ముందే ఒక మూల తవ్వి మందం చూసుకోవాలి. పాత చవుడు ఎంత గీకితే కొత్తది అంతే పరచాలి. మొలిచిన మొక్కలను వేళ్లతో పీకివేయాలి. వేరు పోయిన దారినే నీరూ పోతుంది. తూములు పూడకుండా, వాలు చెడకుండా చూడాలి. దూలం కొనను సుత్తితో తట్టినప్పుడు గుల్ల శబ్దం వస్తే వడ్రంగిని పిలవాలి. అతడు వచ్చేదాకా కింద గట్టి గుంజ నిలపాలి. ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకూడదు.

మిద్దె గీకే కూలీలు ఈ రోజుల్లో సులభంగా దొరకరన్నది నిజమే. రెండు మూడు ఇళ్లవారు కలిసి ఒకేసారి పిలిపించుకుంటే ట్రాక్టరు బాడుగ కూడా కలిసివస్తుంది.