మెడ రక్తనాళం చిరిగాక వచ్చే ఉబ్బు: ఎంతవరకు భయపడాలి?

పోయిన నెలలో ఒక కుటుంబం స్కాన్ రిపోర్టు పట్టుకొని మన సంఘం ఆఫీసుకి వచ్చింది. ఇంటాయనకు నలభై ఏళ్లు దాటాయి. సెలూన్లో క్రాపు అయ్యాక మెడ రెండు పక్కలకీ చటుక్కున విరిపించుకున్నాడు. రెండు రోజులు ఎడమవైపు మెడ నొప్పి. బెణికిందని తైలం రాశారు. మూడో రోజు ఎడమ కనురెప్ప వాలింది, కుడి చేయి పట్టు తప్పింది. వెంటనే ఆసుపత్రికి చేర్చారు కాబట్టి మనిషి బాగానే కోలుకున్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ తీసిన స్కాన్లో మాత్రం 'సూడో అన్యూరిజం' అని రాసి ఉంది. వాళ్ల చుట్టాల్లో ఒకరు మెదడులో అన్యూరిజం పగిలి పోయారు. ఆ పేరు చూడగానే ఇంటిల్లిపాదీ బెదిరిపోయారు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటే ఉబ్బు పగిలినప్పుడు రక్తం ఆగదని ఎవరో చెప్పారట. పది రోజులుగా ఆయన మాత్రలే మానేశాడు.

మేము వైద్యులం కాము, ఉద్యోగమంతా ఫైళ్లతో గడిపిన గుమాస్తాలం. అయినా ఆ కుటుంబంతో పాటు డాక్టరు దగ్గరకు వెళ్లి అడిగి తెలుసుకున్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

లోపల జరిగేది ఏమిటి?

మన ఇళ్లలో ఒంట్లో ఉన్నవన్నీ 'నరాలే'. ఇక్కడ మాట్లాడుతున్నది మాత్రం మెదడుకు రక్తం మోసుకెళ్లే ధమనుల గురించి. ఇవి నాలుగు. రెండు మెడ ముందు భాగంలో, గొంతుకు అటూ ఇటూ ఉంటాయి. వీటిని కెరోటిడ్ ధమనులంటారు. మరో రెండు వెనుక, మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. వీటిని వర్టిబ్రల్ ధమనులంటారు.

ధమని గోడకు మూడు పొరలుంటాయి. కోటుకు లోపల లైనింగ్ గుడ్డ వేసినట్టు అనుకోండి. ఆ లైనింగ్ చిరిగితే రక్తం పొరల మధ్యకు దూరుతుంది. అది లోపలి వైపు ఉబ్బితే దారి ఇరుకవుతుంది. చిరిగిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతం. బయటి వైపు ఉబ్బితే గోడ సంచిలా సాగుతుంది. రిపోర్టులో రాసిన అన్యూరిజం ఇదే. కొందరికి మొదటి స్కాన్లోనే కనిపిస్తుంది, కొందరికి కొన్ని వారాలకో నెలలకో బయటపడుతుంది.

మెదడు అన్యూరిజంతో పోల్చవచ్చా?

పోల్చకూడదు. పుర్రె లోపల ధమనుల గోడలు పల్చన, చుట్టూ ఆసరా ఉండదు. అక్కడ ఉబ్బు పగిలితే ప్రాణాపాయం. మెడలో ధమని గోడ మందం, చుట్టూ కండరాల ఆసరా ఉంటుంది. అందుకే మెడ ఉబ్బు పగలడం చాలా అరుదు. ఎక్కువ భాగం అలాగే ఉండిపోతాయి, కొన్ని చిన్నవవుతాయి, కొన్ని పూర్తిగా మాయమవుతాయి. పెరిగేవి తక్కువ. అయితే చిరుగు పుర్రె లోపలికి పాకితే అది వేరే సంగతి, రక్తస్రావం కావచ్చు. కాబట్టి ఉబ్బు ఎక్కడుందో డాక్టరును తప్పక అడగాలి.

బ్రిటన్, ఆస్ట్రేలియాలలో మెడ ధమని చిరిగిన 250 మందికి ఆస్పిరిన్ వంటి మందులో, వార్ఫరిన్ వంటి మందులో ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల్లో స్ట్రోక్ వచ్చినవారు నలుగురే. ఉబ్బు ఉన్నవారికి లేనివారికంటే స్ట్రోక్ ఎక్కువ రాలేదని ఆ తర్వాతి పరిశీలనలో తేలింది. అసలు ప్రమాదం రక్తం గడ్డకట్టడంతోనే, అదీ మొదటి రెండు వారాల్లో ఎక్కువ. ఆ గడ్డను ఆపేవి మాత్రలే. మన సభ్యుడు దేనికి భయపడి మాత్రలు మానాడో అది అరుదు, మానడం వల్ల తెచ్చుకున్న ప్రమాదం దానికంటే పెద్దది. డాక్టరు కోప్పడి మళ్లీ మొదలుపెట్టించారు.

మందులు మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు, ఆ తర్వాత స్కాన్ చూసి ఏం చేయాలో చెబుతారు. వార్ఫరిన్ వాడేవారు రక్తపరీక్ష తప్పించకూడదు. ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడమూ, మానడమూ వద్దు. మందులు వాడుతున్నా మళ్లీ స్ట్రోక్ వస్తేనో, ఉబ్బు పెరిగి పక్కవాటిని నొక్కితేనో స్టెంటు గురించి ఆలోచిస్తారు. ఆపరేషన్ కోసం పొలం అమ్మాలా అని ఆ ఇంటి పెద్దాయన అడిగారు. అవసరమే రాలేదు.

ఎందుకు చిరుగుతుంది?

మెడను హఠాత్తుగా తిప్పడం, బండి ప్రమాదం, గట్టి దగ్గు, పెద్ద బరువు ఎత్తడం, కొందరికి పుట్టుకతో గోడ బలహీనం. ఒక్కోసారి కారణమే దొరకదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న బళ్లారిలో 2024లో ఒక ముప్పై ఏళ్ల యువకుడికి తల మర్దన చేస్తూ మెడ తిప్పడంతో కెరోటిడ్ ధమని చిరిగి స్ట్రోక్ వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. హైదరాబాదులో 2022లో బ్యూటీపార్లర్లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా యాభై ఏళ్ల మహిళకు స్ట్రోక్ వచ్చింది. అది చిరుగు కాదు, ధమని నొక్కుకుపోవడం వల్ల అని నరాల వైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్ వివరించారు.

దీపావళి తలంటు మానమని మేము చెప్పడం లేదు. తల మర్దన చేయించుకోండి, మెడ మాత్రం విరవనివ్వకండి. సెలూన్లలో పనిచేసేవారు మనవాళ్లే, వారిని నిందించి లాభం లేదు. అలవాటుగా చేస్తారు, వద్దంటే మానుతారు.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఎప్పుడూ లేని రకంగా మెడకు ఒకే పక్క లేదా తల వెనుక నొప్పి, చెవిలో నాడి కొట్టుకున్నట్టు హోరు, ఒక కనురెప్ప వాలి ఆ కంటిపాప చిన్నదవడం. రెప్ప వాలితే మదురైలో మనవాళ్లు ముందు కంటి ఆసుపత్రికే వెళ్తారు. తప్పు లేదు, కానీ మెడ నొప్పి సంగతి, మెడ విరిపించుకున్న సంగతి అక్కడ తప్పక చెప్పండి. మూతి వంకర, చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం, తూలిపోవడం కనిపిస్తే ఇంట్లో తైలాలు రాస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే సూది పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో చీటీ మీద రాసి తీసుకెళ్లండి.

ఒక్క మనవి. పీలమేడులోనైనా, మదురైలోనైనా మన ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు ఎందరో, చదవగలిగేవారు కొందరే. చదవగలిగినవారు దీన్ని ఇంట్లో పైకి చదివి వినిపించండి. ముఖ్యంగా క్రాపుకు వెళ్లే కుర్రాళ్లకు, మాత్రలు సగంలో మానే అలవాటున్న పెద్దలకు.