నానమ్మ గుర్తుపట్టని ఫోటో

మా తాత పోయి ఏడాది కావస్తుంటే మిర్యాలగూడలో నానమ్మ ఒకటే మాట పట్టుకుంది. "సంవత్సరీకం నాటికి గోడకు మీ తాత ఫోటో ఉండాలె బిడ్డా." ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కణ్నే కాబట్టి పని నా మీద పడింది. బ్రాంచి ఏదైనా సరే, ప్రింటర్ నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ మన మీదే పడతాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

తాతకి ఫోటో దిగడమంటే పడదు. ఆధార్ కార్డు మీదున్నది లెక్కలోకి రాదు. మిగిలింది ఒక్కటే. 2019లో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరిగినప్పుడు మా బాబాయ్ కొడుకు ఫోన్‌లో తీసింది. పసుపు షామియానా కింద, భుజాన కండువాతో, ఎవరినో చూసి నవ్వుతున్న తాత. పక్కన ఇంకో నలుగురు. మా ఫ్యామిలీ గ్రూపులో తిరిగి తిరిగి నా ఫోన్‌లోకి వచ్చి చేరింది.

సూర్యాపేటలో ఒక స్టూడియోకి అదే పంపించి, తాత ఒక్కడినే కట్ చేసి 12×18 సైజులో కొట్టమన్నాం. వచ్చింది చూస్తే బుగ్గల మీద గచ్చు పలకల్లాగా చదరాలు, ముఖమంతా నీలం తిరిగి ఉంది. నాన్న ఏమీ అనలేదు. చుట్టచుట్టి బీరువా మీద పెట్టేశాడు. ఆ స్టూడియో అన్నని తిట్టుకోవడం తేలికే గానీ, రూమ్‌కి వచ్చి లెక్క వేసుకుంటే తప్పు సగానికి పైగా మాదేనని తేలింది.

లెక్క ఇది. నా దగ్గరున్న ఫైలు 960×1280 పిక్సెళ్లు. అందులో తాత ఒక్కడినే కత్తిరిస్తే మిగిలేది సుమారు 400×600, అంటే 2 లక్షల 40 వేల పిక్సెళ్లు. స్టూడియోల్లో లెక్క అంగుళానికి 300 పిక్సెళ్లు. ఆ లెక్కన 12×18 అంగుళాల ఫోటోకి 3600×5400 కావాలి, అంటే దాదాపు 1 కోటి 94 లక్షలు. ఒక్కో వైపు 9 రెట్లు, మొత్తం మీద 81 రెట్లు. కాగితం మీద పడే ప్రతి 81 చుక్కల్లో కెమెరా చూసింది ఒక్కటి, మిగతా 80 సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినవి.

మరి ఆ చదరాలు ఎక్కడివి? జేపెగ్ ఫైలు బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని విడివిడిగా కుదిస్తుంది. వాట్సాప్ పంపేటప్పుడు సైజు తగ్గించి, గట్టిగా కుదిస్తుంది కాబట్టి పక్కపక్క గళ్ల అంచులు సరిగ్గా కలవవు. ఫోన్‌లో అది కంటికి ఆనదు. కానీ 9 రెట్లు సాగదీస్తే ఒక్కో గడి 72 చుక్కలవుతుంది, కాగితం మీద దాదాపు 6 మిల్లీమీటర్లు. తాత బుగ్గ మీద నేను చూసిన పలకలు అవే. అందుకే పెంచాలనుకుంటే ముందు ఆ గళ్లని మెత్తబరిచి, ఆ తర్వాతే సాగదీయాలి. వరస మారిస్తే చెత్త కూడా ఫోటోతో పాటే పెరుగుతుంది.

సాగదీయడంలోనూ రకాలున్నాయి. అన్నిటికంటే మొరటుది పక్క పిక్సెల్‌నే మళ్లీ మళ్లీ అచ్చేయడం, అది మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. రెండోది బైలీనియర్. పక్కపక్కన 100, 200 అనే రెండు విలువలుంటే మధ్యలో 150 పెడుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది కానీ, నిజంగా అక్కడున్నది మీసం అంచు అయితే? నలుపు నుంచి చర్మం రంగుకి ఒక్కసారిగా దూకాల్సిన చోట నెమ్మదిగా దిగే వాలు తయారవుతుంది. మనం మసక అనేది దాన్నే. బైక్యూబిక్ చుట్టూ ఉన్న 16 పిక్సెళ్లని చూసి వంపు గీస్తుంది. 1981లో రాబర్ట్ కీస్ రాసిన పేపర్ నుంచి బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. అంచులు కాస్త నిలుస్తాయి, కానీ అంచు పక్కన సన్నటి తెల్ల గీత వస్తుంది. లాంకోస్ కూడా ఆ దారిలోదే, ఇంకొంచెం పదునుగా. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో సింక్ ఫంక్షన్ ఎందుకురా బాబూ అనుకున్నవాళ్లకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. వీటిలో ఏదీ లేని వివరాన్ని తేలేదు. ఉన్న వివరాన్ని ఎంత మర్యాదగా పరుస్తుందన్నదే తేడా.

"ఏఐ ఉంది కదరా" అన్నారు రూమ్‌మేట్స్. నిజమే. 2014లో వచ్చిన ఎస్ఆర్‌సీఎన్ఎన్ దగ్గర్నుంచి, 2018 నాటి ఈఎస్ఆర్‌గాన్, 2021 నాటి రియల్ ఈఎస్ఆర్‌గాన్ దాకా ఈ దారి బాగా ముందుకెళ్లింది. అప్‌స్కేల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని ఆ 400×600 ముక్కని అందులో వేశాను. కాసేపటికి వచ్చిన బొమ్మ చూసి రూమంతా చప్పట్లు. ఒక్కో వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. కండువా నేత కూడా తెలుస్తోంది. ఆదివారం బస్సెక్కి మిర్యాలగూడ పోయి లాప్‌టాప్ నానమ్మ ముందు పెట్టాను.

నానమ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఎవరు బిడ్డా ఈయన?"

"తాతే నానమ్మా."

"మీ తాత లెక్కనే ఉన్నడు గని మీ తాత కాదు. అమ్మవారి మచ్చలేయి?"

అప్పుడు నాకు వెలిగింది. తాతకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది కాబట్టి మన వయసువాళ్లకి ఆ గుంటల మచ్చలు ఎరుకలేవు. తాత రెండు బుగ్గల నిండా ఉండేవి. కుదించిన ఫైల్లో అవి రెండేసి పిక్సెళ్ల మరకలు. మరకకీ, జేపెగ్ చెత్తకీ తేడా మోడల్‌కి ఎలా తెలుస్తుంది? చెత్త అనుకుని తుడిచేసి, తను నేర్చుకున్న వేల ముఖాల్లోంచి ఒక నున్నటి బుగ్గ తెచ్చి అతికించింది. పళ్లు కూడా అంతే. కింది వరసలో తాతకి ఒక సందు ఉండాలి, దాన్ని పూడ్చేసింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు పల్స్ అనే ప్రోగ్రామ్ బయటపెట్టారు. మసక ముఖం ఇస్తే స్పష్టమైన ముఖం చేసి ఇస్తుంది. ఎవరో బరాక్ ఒబామా ఫోటోని బాగా చిన్నది చేసి అందులో వేస్తే, ఒక తెల్లాయన ముఖం వచ్చింది. నిజానికి ఆ ప్రోగ్రామ్ చేసే పని "చిన్నది చేస్తే ఇలాగే కనిపించే ముఖం ఒకటి వెతుకు" అనేది. అలాంటి ముఖాలు లక్షలుంటాయి. అందులో ఒకటి ఇచ్చింది, లెక్క ప్రకారం తప్పు కూడా కాదు. వెనకటి స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లు. వాళ్లూ మచ్చలు చెరిపేవాళ్లే, కానీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోటో తీసినవాళ్లు. ఈ మోడల్ మా తాతని ఎన్నడూ చూడలేదు. చెట్లు, గోడలు, గుడి గోపురాలు పెంచుకోవడానికి ఏఐని నిక్షేపంగా వాడుకోండి. ఇంట్లో మనిషి ముఖానికి మాత్రం వద్దని నా మాట. వాడినా, ఆ మనిషిని ఎరిగినవాళ్లకి చూపించాకే ప్రింటు కొట్టండి.

దాంతో అసలు మొదటే చేయాల్సిన పని చివరికి చేశాను, ఒరిజినల్ వెతకడం. తమ్ముడి పాత ఫోన్ స్క్రీన్ పగిలి బాబాయ్ ఇంట్లో డబ్బాలో పడి ఉంది. ఆన్ కాలేదు. కానీ మెమరీ కార్డు తీసి రీడర్‌లో పెడితే ఫోటో అలాగే ఉంది, 3120×4160. గ్రూపులో వచ్చినదాని కంటే ఒక్కో వైపు 3.25 రెట్లు పెద్దది. తాత ఒక్కడినే కత్తిరించినా 1300×1950. మచ్చలున్నాయి, పళ్ల సందుంది. వారం రోజులు సాఫ్ట్‌వేర్లతో కుస్తీ పట్టినా రానిది ఐదు నిమిషాల్లో వచ్చింది. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి పాత ఫోన్లు ఉంటాయి, స్టీలు సామానోడికి వేసే ముందు కార్డు తీసి చూడండి. ఎవరైనా ఫోటో పంపుతామంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు వాట్సాప్ దాన్ని ముట్టుకోదు.

ఇప్పుడు సైజు. 300 అనే లెక్క చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే ఆల్బమ్ ఫోటోలది. మామూలు కంటిచూపు డిగ్రీలో 60వ వంతు కోణం వరకే విడదీయగలదు. అడుగు దూరంలో అది అంగుళానికి సుమారు 290 చుక్కలు, నాలుగు అడుగుల దూరంలో 70 చాలు. గోడ మీది ఫోటోని ముక్కు ఆనించి ఎవరూ చూడరు కదా. ఏ4 కాగితం మీద మా 1300 పిక్సెళ్లు పరిస్తే అంగుళానికి 157 వస్తాయి, గోడకి అది దండిగా సరిపోతుంది. కాగితానికి సరిపడా పైన కాస్త తగ్గించి 1300×1840 చేసి, లాంకోస్‌తో 2480×3508కి పెంచాను. 9 రెట్లు ఎక్కడ, 1.9 రెట్లు ఎక్కడ! పదును పెట్టడం అన్నిటికంటే చివర, ప్రింటు సైజుకి వచ్చాక. సిరా కాగితంలో కొద్దిగా పాకుతుంది కాబట్టి స్క్రీన్ మీద ఒక పిసరు ఎక్కువ అనిపించేంత పెడితే కాగితం మీద సరిగ్గా కుదురుతుంది.

మిగిలింది రంగు. కోదాడలో మా అక్క ఇంట్లో ఎప్సన్ ఎల్805 ఉంది. మామూలు నాలుగు రంగులు కాకుండా లేత నీలం, లేత గులాబీ కలిపి ఆరు రంగుల ట్యాంకులు. జిరాక్స్ షాపుల్లో ఐడీ కార్డులు కొట్టే మిషన్ అంటే మీరు గుర్తుపడతారు. లేత రంగులుంటే చర్మం ఛాయలు చుక్కలు తేలకుండా వస్తాయి.

స్టూడియో ప్రింటు నీలం ఎందుకు తిరిగిందో అక్కడే ఆలోచించాను. ఫోటోలో ఎక్కువ భాగం పసుపు షామియానా. ఆటో కలర్ కరెక్షన్ సాధారణంగా బొమ్మ మొత్తం సగటున బూడిదరంగుకి రావాలనుకుంటుంది. పసుపు మరీ ఎక్కువైందనుకుని నీలం కలుపుతుంది. ఆ నీలమంతా తాత ముఖం మీద పడింది. ఇలాంటి ఫోటోకి "కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు కొట్టండి" అని చెప్పుకోవాలి. చెప్పకపోవడం మా పొరపాటు.

ఇంట్లో ప్రింటు ముదురుగా వచ్చిందంటే చాలావరకు దోషం ప్రింటర్‌ది కాదు, మన స్క్రీన్‌ది. స్క్రీన్ వెలుగునిస్తుంది, కాగితం గదిలో ఉన్న వెలుగునే తిరిగి పంపుతుంది. లాప్‌టాప్ పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండు తెలుపులూ ఒకేలా అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. నైట్ లైట్ ఆపేయండి. నాకు మూడో వంతుకి దిగాక గానీ కుదరలేదు. అప్పుడు చూస్తే ఫోటో నిజంగానే చీకటిగా ఉంది, సరిచేసుకోవడానికి వీలైంది.

ఇక ఫైలు రంగుల భాష ఎస్ఆర్‌జీబీలో ఉండేలా చూసుకోండి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి పెట్టిన ప్రమాణం, మామూలు ప్రింటర్లు అదే అనుకుని పనిచేస్తాయి. ముఖ్యమైనది ఇంకోటి ఉంది. రంగులు సర్దే బాధ్యత సాఫ్ట్‌వేర్‌కైనా ఇవ్వాలి, ప్రింటర్ డ్రైవర్‌కైనా ఇవ్వాలి, ఇద్దరికీ ఇవ్వకూడదు. ఒకరు సర్దినదాన్ని ఇంకొకరు మళ్లీ సర్దితే ముఖాలు ఎర్రబడతాయి. మా 180 జీఎస్ఎం గ్లాసీ పేపర్‌కి ప్రొఫైల్ లేదు కాబట్టి నేను డ్రైవర్‌కే వదిలేశాను. డ్రైవర్‌లో పేపర్ రకం మాత్రం గ్లాసీ అని ఎంచుకోవాలి. ప్లెయిన్ అని ఉంటే సిరా పోసే లెక్కే మారిపోతుంది.

ఫుల్ షీట్లు తగలెయ్యకుండా, తాత ముఖం ఒక్కదాన్నే కత్తిరించి, వెలుగు కొంచెం కొంచెం మారుస్తూ ఆరు ముక్కలు ఒకే కాగితం మీద కొట్టాను. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున కిటికీ దగ్గర చూశాం, ట్యూబ్‌లైట్ కింద కాదు. అక్క నాలుగోది అంది, బావ రెండోది అన్నాడు. రెండోదాంట్లో తాత తెల్లగా ఉన్నాడు. తాతది చామనఛాయ. పోయినవాళ్లని కూడా తెల్లబరిచే ఈ అలవాటు మనకి ఎక్కడిదో! నాలుగోదే ఖాయం చేశాం. ఫ్రేము కట్టే ఆయనకి ఒక్కటి చెప్పాను, అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట పట్టీ వేసి సందు ఉంచమని. లేకపోతే వానాకాలం తేమకి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది.

నానమ్మ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని బుగ్గల దగ్గర వేలుతో రాసింది. ఈసారి ఎవరని అడగలేదు. "కండువ ఎందుకు గింత తెల్లగున్నది?" అంది.

"కండువా తెల్లదే కదా నానమ్మా."

"ఏడ తెల్లది? జాతరకని పసుపు నీళ్లల్ల ముంచింది నేనే."

షామియానా పసుపు తీసేయడానికి నేను తెలుపు గుర్తుగా పట్టుకున్నది ఆ కండువానే. అది తెల్లదనుకుని దాని ప్రకారం ఫోటో మొత్తాన్ని సర్దాను. అంటే స్టూడియో మిషన్ చేసిన పనే నేనూ చేశాను, కాకపోతే కొంచెం తక్కువ మోతాదులో. మళ్లీ కోదాడ పోయి, ఈసారి తాత చెవి పక్కన నెరిసిన వెంట్రుకల్ని గుర్తుగా పెట్టుకుని ఇంకో ప్రింటు తీశాను. కండువా లేత పసుపుకి వచ్చింది, ముఖం ఇంకాస్త వెచ్చబడింది. ఇప్పుడు గోడ మీదున్నది అదే. మొదటిది నా ల్యాబ్ రికార్డులో ఉంది.